వాగును జరిపిన పటం

ఒక చివర వాన కురుస్తుంటే ఇంకో చివర ఎండ కాసేంత పెద్ద అడవి అది. దానికి రాజు శార్దూలవర్మ అనే పులి. మంత్రి జంబుకం అనే నక్క.

అంత పెద్ద అడవిలోనూ దారి తప్పినవాళ్ళు లేరు. ఎవరికి కావలసిన దారి వాళ్ళ ముక్కుకు తెలుసు. ఇలాగైతే మంత్రిని దారి అడిగేదెవరని జంబుకానికి బెంగ పట్టుకుంది.

"మహారాజా, పక్క అడవికి పటం ఉందట. మనకు లేదు. పటం లేని అడవిని ఎవరైనా పొద అనుకుంటారు," అంది సభలో.

పులికి రోషం వచ్చింది. "వెంటనే వేయించండి! ఇంతకీ పటమంటే ఏమిటి?"

సభలో ఎవరికీ తెలియదు. తెలిసినట్టే తలలూపారు. చివరికి చెట్టు మీంచి లాంగూలం అనే కొండముచ్చు నోరు విప్పింది. కొమ్మల్లో కూర్చుని కింది నేలంతా చూస్తూ, బెరడు మీద బొగ్గుతో గీసుకోవడం దానికి సరదా.

"గద్ద కంటికి అడవి ఎలా కనబడుతుందో అలా, బాగా చిన్నది చేసి గీస్తే అదే పటం, ప్రభూ. అక్కడ ఆమడ దూరం ఇక్కడ జానెడు. నల్ల ముక్కోణం కొండ, నీలం గీత వాగు."

"ఇంత తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని జంబుకం అప్పటికప్పుడు పటాల శాఖ పెట్టించి, కొండముచ్చును అందులో చేర్చి, దానికి తానే పైఅధికారి అయింది.

లాంగూలం సంబరంగా కొండలన్నీ ఎక్కింది. మోదుగపూలతో ఎరుపు, నేరేడుపళ్ళతో నీలం నూరుకుని, బారెడు బెరడు మీద పటం వేసి సభలో పరిచింది.

గజలక్ష్మి అనే ఏనుగు వంగి చూసింది. "ఇందులో నేనెక్కడ?"

"మీ తోపు ఈ చుక్క దగ్గరమ్మా."

"చుక్కా! నా కాలి గోరైనా పడుతుందా అందులో?"

ఎలుగుబంటి భల్లూకయ్య విసుక్కుంది. "కొండలూ వాగులూ ఎవడిక్కావాలోయ్? తేనెపట్లు ఎక్కడున్నాయో చూపించే పటం వెయ్యి. ఒకటే వేసి నాకివ్వు."

"అలాంటివీ ఉంటాయండీ. వానలు ఎక్కడ ఎక్కువో చూపించేదొకటి, దారులు చూపించేదొకటి, ఎవరి హద్దు ఎందాకానో రంగుల్లో చూపించేదొకటి. ఏ అవసరానికి ఆ పటం."

హద్దు అన్న మాట వినగానే సభంతా లేచి నిలబడింది. అందరికీ ఆ పటమే కావాలట. రంగులు పూయడం పూర్తికాకముందే, అంతవరకూ పక్కపక్కనే మేసిన దుప్పీ దున్నా కొట్లాటకు దిగాయి.

"నీ మూతి నా రంగులో ఉంది. తియ్యి!"

పులికి మాత్రం ఇంకో బాధ. "వాగు తూర్పున, వెదురు పొదల అవతల ఎక్కడో ఉందేం? పడమట మా గుహ ముందు ఒక్క నీలం గీతైనా లేదే. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

జంబుకం లాంగూలాన్ని పక్కకు పిలిచింది. "ఆ గీత కాస్త ఇటు జరుపు."

"అయ్యా, గీత జరుగుతుంది. నీళ్ళు జరగవు కదా?"

"నీళ్ళ సంగతి నీళ్ళ శాఖ చూసుకుంటుంది. నీ కొలువు సంగతి నువ్వు చూసుకో."

సభలో కూర్చోవడం రుచి మరిగిన కొండముచ్చు, తల దించుకుని గీత చెరిపి గుహ ముందు గీసింది. పులి దాని మీద పంజా ముద్ర వేసింది. ఇకమీదట ఎవరూ గుర్తును బట్టి నడవకూడదు, పటం ప్రకారమే నడవాలని ఉత్తర్వు వెలువడింది.

ఆ వేసవిలో అడవి అంటుకుంది. పొగ కమ్మేసింది. జంతువులన్నీ పిల్లల్ని వెంటబెట్టుకుని సభ మైదానంలోకి వచ్చిపడ్డాయి. జంబుకం పటం విప్పింది.

"కంగారు పడకండి! వాగు పడమట, రాజుగారి గుహ ముందే ఉంది. పదండి!"

చెట్టు చిటారున ఉన్న లాంగూలం అటు చూసింది. పడమట మంట అప్పటికే కొండ చుట్టి వస్తోంది. తూర్పు దారి ఒక్కటే మిగిలింది.

"అటు వెళ్ళకండి! అక్కడ చుక్క నీరు లేదు! ఆ దొంగ గీత గీసింది నేనే!" అని అరిచింది.

"రాజముద్ర పడ్డాక అది నీ గీతెలా అవుతుంది?" అంది భల్లూకయ్య.

గజలక్ష్మి తటపటాయించింది. పొట్ట కింద దాని గున్న పొగకు దగ్గుతోంది. "చిన్నప్పుడు నేను తూర్పు వాగులో ఈదినట్టు గుర్తే..."

"నీ గుర్తే తప్పయ్యుంటుంది. పటం చూడు!" అంది జంబుకం.

మంద పడమటికి కదిలింది. లాంగూలం ఇక ఆలోచించలేదు. ఒక్క దూకు దూకి, జంబుకం చేతిలో పటం లాక్కుని తూర్పుకు పరుగు లంకించుకుంది.

"దొంగ! సర్కారు పటం! పట్టుకోండి!" అని నక్క గావుకేక పెట్టింది.

అంతే. మంట సంగతి మరిచిపోయి అందరూ దాని వెంటపడ్డారు. ముందు పులి, వెనక ఎలుగు, ఆ వెనక ఏనుగూ గున్నా. అంత కోపంలో ఉండబట్టి పిల్లలు కూడా పెద్దవాళ్ళతో సమంగా పరిగెత్తాయి. వెదురు పొదలు విరుచుకుంటూ పోయారు. కొండముచ్చు కొమ్మ పట్టుకుని వాగు అవతలికి దూకింది. ఆగలేక మిగతావాళ్ళంతా దబదబా నీళ్ళలో పడ్డారు.

మంట ఒడ్డుదాకా వచ్చి, నీళ్ళు చూసి చల్లారిపోయింది. గున్న తొండం ఎత్తి నీళ్ళు చిమ్మింది. అవతలి గట్టున తోక కాలిన లాంగూలం దాన్ని చూసి నవ్వుతూనే ఏడ్చింది.

కాలిన వాసన పోకముందే సభ కూడింది. సర్కారు పటం దొంగిలించినందుకు లాంగూలం కొలువు ఊడింది. జంబుకం లేచి, "పటం వెంట నడిచినవారిలో ఒక్కరికైనా వెంట్రుక కాలిందా?" అని అడిగింది. కాలలేదని అందరూ ఒప్పుకున్నారు. మంత్రికి పటభూషణ బిరుదిచ్చారు. తనకు కేటాయించిన చోటు వదిలి వేరేచోట ప్రవహిస్తున్నందుకు వాగుకు నోటీసు పంపారు. అది జవాబివ్వలేదు. నేరం ఒప్పుకున్నట్టే రాసుకున్నారు.

సభ ముగిశాక గజలక్ష్మి గున్నను తీసుకుని చెట్టు కిందికి వచ్చింది. మాగిన పనసపండొకటి తొండంతో పైకి అందించి, మెల్లిగా అంది.

"వాగు తూర్పునే ఉందని నాకు తెలుసు నాయనా. నేనన్నానని మాత్రం సభలో అనకు."

నీతి: మంచి దారి చూపిస్తే ఎవరూ కదలరు, వాళ్ళది ఏదైనా ఎత్తుకుని ఆ దారిన పారిపోతే అందరూ వస్తారు.