సుంకప్ప చేనిలో ముల్లు

ఆ శనివారం పొద్దున్నే మద్దిలేటి ప్రశాంతంగా ఉండాలని గట్టిగా నిర్ణయించుకున్నాడు. ఆ ప్రశాంతత డాక్టరు రాసిచ్చింది. బెళుగుప్ప దగ్గర ఒక కరెంటు సబ్‌స్టేషన్లో అతను ఆపరేటరు. స్విచ్చులతో అతనికి ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందల్లా టెలిఫోనుతోనే. చేలకు కరెంటు వంతుల వారీగా, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చే రోజులవి. ఫోను ఎత్తితే "కరంటు ఎప్పుడొస్తాది?" అని అడిగేవాళ్లు. ఎత్తకపోతే గేటు దగ్గరికొచ్చి అడిగేవాళ్లు. పెళ్లికి పోయి బంతిలో కూర్చుంటే, చారు పోసేవాడు గరిటె పైకెత్తి పట్టుకొని మరీ అడిగేవాడు.

"బీపీ బాగా ఎక్కింది" అన్నాడు కళ్యాణదుర్గం డాక్టరు. "మాత్రలు మొదలుపెడితే ఇక జన్మంతా మింగాల్సిందే. ముందు అలవాట్లు మార్చు. పొద్దున్నే చెప్పుల్లేకుండా మట్టిలో నిదానంగా నడువు. నడిచేటప్పుడు ఎవరితోనూ మాట్లాడొద్దు. దేన్నీ ఆలోచించొద్దు. మనసు కలత పడితే గట్టిగా ఊపిరి పీల్చుకో. ఉప్పు తగ్గించు. వచ్చే నెల చూస్తాను."

మాత్ర అంటే మద్దిలేటికి చిన్నప్పటి నుంచీ భయం. గొంతులో అడ్డం పడి పోతానని అతని నమ్మకం. అందుకే నడవడానికి ఒప్పుకున్నాడు. నడిచే చోటు కూడా బాగా ఆలోచించి ఎంచుకున్నాడు. అది సుంకప్ప చేను. సుంకప్ప వేయించిన బోర్లన్నీ ఎండిపోయాయి. నీళ్లు లేవు గనుక మోటారు లేదు, మోటారు లేదు గనుక కరెంటుతో పని లేదు. ఊరు మొత్తం మీద మద్దిలేటిని ఏనాడూ కరెంటు అడగని రైతు సుంకప్ప ఒక్కడే. ఆ ఒక్క కారణంగా అతనంటే మద్దిలేటికి ప్రాణం.

గడప దాటుతుంటే భార్య మల్లీశ్వరి ఒక టెంకాయ తెచ్చి చేతికిచ్చింది. "ఎట్లాగూ పోతాండావు గదా. వచ్చేటప్పుడు ఆంజనేయసామికి కొట్టుకోని రా."

"సంచి ఇయ్యి."

"ఒక టెంకాయకు సంచా? చేతిలో పెట్టుకోని పో."

వాదిస్తే బీపీ పెరుగుతుంది కనుక మద్దిలేటి టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని బయలుదేరాడు. చేనిలో దిగి, తల వంచుకొని, అడుగులో అడుగు వేసుకుంటూ, మౌనంగా నడవసాగాడు. ఆ ప్రాంతంలో బోరు వేసే ముందు నీళ్లు చూసేవాడు సరిగ్గా ఇలాగే నడుస్తాడు. కింద నీళ్లుంటే అరచేతిలో పడుకున్న టెంకాయ లేచి నిలబడుతుందని అందరి నమ్మకం. ఈ సంగతి మద్దిలేటికి తెలియక కాదు. దేన్నీ ఆలోచించొద్దని డాక్టరు చెప్పాడు.

చేను నడుమకు వచ్చేసరికి కాల్లో తుమ్మముల్లు దిగింది. చెయ్యి అదిరింది, టెంకాయ నిటారుగా లేచింది. మద్దిలేటి ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకొని, గట్టిగా ఊపిరి పీల్చాడు. కళ్లు తెరిచేసరికి, గట్టు మీద గొర్రెలు మేపుకుంటున్న సుంకప్ప ఎదురుగా వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఈడేనా అన్నా?" అన్నాడు సుంకప్ప గొంతు తగ్గించి.

మాట్లాడకూడదు కనుక మద్దిలేటి ముల్లున్న చోటును వేలితో చూపించి, బాధగా తలాడించాడు. సుంకప్ప అక్కడ నేలకు మొక్కి, గబగబా నాలుగు రాళ్లు తెచ్చి కుప్పగా పేర్చాడు. ముల్లు ఇంకొకరికి గుచ్చుకోకూడదని ఎంత శ్రద్ధ అనుకున్నాడు మద్దిలేటి. సుంకప్ప మీద అతని అభిమానం ఇంకా పెరిగింది.

ఆ మధ్యాహ్నం సబ్‌స్టేషన్లో ఫోను మోగింది. "సార్, మా చేనికి ఎప్పుడొస్తారు?" అంది అవతలి గొంతు. ఫోన్లో కరెంటు కాకుండా వేరే ప్రశ్న వినపడడంతో మద్దిలేటి మొదట ఆనందించాడు. సంగతి అర్థమయ్యాక ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా పీలుస్తూనే ఉన్నాడు.

మర్నాడు నడకకు తలుపు తీస్తే వాకిట్లో టెంకాయలతో జనం.

"నాకు నీళ్లు చూసే ఇద్దె రాదప్పా! నాకు తెలిసింది కరంటొకటే!" అన్నాడు మద్దిలేటి.

"అదే గదా సార్ మేమూ అనేది" అన్నాడొక పెద్దాయన. "భూమిలో తేమ యాడుంటే ఎర్తింగు ఆడికే పోతాది. కరంటు మనిషికి తెలీకుంటే ఇంగెవరికి తెలుస్తాది?"

ఎర్తింగు సంగతి నిజమే మరి. జనం టెంకాయలు అరుగు మీద పెట్టేసి పోయారు. మల్లీశ్వరి ఏదీ వృథా చేసే మనిషి కాదు. ఆ రోజు నుంచి ఇంట్లో మూడు పూటలా టెంకాయ చట్నీయే. ఉప్పు తగ్గిస్తే చట్నీ పాడవుతుందని ఆమె తగ్గించలేదు.

ఆ వారంలోనే, ఊళ్లో తరతరాలుగా నీళ్లు చూసే వంశానికి చెందిన తిమ్మప్ప సబ్‌స్టేషన్‌కు వచ్చాడు. గేటు పట్టుకొని మద్దిలేటిని కిందికీ పైకీ చూశాడు.

"ఏమప్పా, గవర్మెంటు జీతముండి నా పొట్ట కొడతావా?"

"నీ తోడు తిమ్మప్పా, నాకేం తెలీదు."

"తెలీకుండానే ఒంటికాలి మీద నిలబడినావా? ఆ పద్ధతి మా నాయనకు గూడా రాదు. యాడ నేర్చినావు?"

"కాల్లో ముల్లు దిగిందప్పా!"

తిమ్మప్ప వంగి మద్దిలేటి కాలు చూశాడు. "ఏం ముల్లు?" అన్నాడు.

"తుమ్మముల్లు."

తిమ్మప్ప చెప్పులు విప్పి చేత్తో పట్టుకొని వెళ్లిపోయాడు.

ఇవన్నీ మద్దిలేటి ఎలాగో భరించాడు. అసలు దెబ్బ ఆ తరువాతి మంగళవారం తగిలింది. డ్యూటీలో ఉండగా మల్లీశ్వరి ఫోను చేసింది. "సుంకప్ప గొర్రెలన్నీ అమ్మేసినాడంట. చేనిలోకి బోరుబండి వచ్చింది. నువ్వు చూపిచ్చిన చోటే వేస్తాండారు."

సుంకప్పకు మిగిలినవి ఆ గొర్రెలే. ఒక ముల్లును నమ్ముకొని మనిషి రోడ్డున పడబోతున్నాడు. మద్దిలేటి అలవాటుకొద్దీ లేచి సుంకప్ప చేని వైపు కరెంటు పోయే ఫీడరు స్విచ్చు ఆపేశాడు. బోరుబండి డీజిలుతో నడుస్తుందని అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్చు మళ్లీ వేసి, పక్కవాడికి డ్యూటీ అప్పజెప్పి పరుగెత్తాడు. డాక్టరు నిదానంగా నడవమన్నాడు, పరుగు సంగతి చెప్పలేదు.

అతను పోయేసరికి పైపులు నేలలోకి దిగుతున్నాయి. తెల్లటి దుమ్ము లేచి చేనంతా కమ్మేసింది.

"ఆపు సుంకప్పా! నేను నీళ్లు చూడలా! బీపీకి నడిస్తి! కాల్లో ముల్లు గుచ్చుకుంటే చూపిస్తి, అంతే!" అని అరిచాడు.

సుంకప్ప మొహం పాలిపోయింది. ఆ దుమ్మును, పైపులను, గొర్రెలు లేని గట్టును ఒకసారి చూశాడు. మద్దిలేటికి అతని మొహం చూడడానికి సిగ్గేసింది.

"నా చేన్లో తుమ్మచెట్టు లేదన్నా" అన్నాడు సుంకప్ప మెల్లగా. "ముల్లు యాడినుంచో వచ్చి ఈడే పడిందంటే ఊరికే పడుంటాదా? దిగనీ."

బండి దిగుతూనే ఉంది. ఎంతసేపటికీ దుమ్మే. మద్దిలేటి గట్టున కూర్చొని ఏ దేవుణ్ణీ వదలకుండా మొక్కాడు. పొద్దు వాలుతుండగా దుమ్ము ఆగింది. తరువాత బురద చిమ్మింది. ఆ వెనకే నీళ్లు బండి కంటే ఎత్తు లేచి, చుట్టూ ఉన్నవాళ్లందరినీ తడిపేశాయి. సుంకప్ప బురదలో తడిసిన ఒంటితోనే వచ్చి మద్దిలేటిని కావలించుకొని భోరుమని ఏడ్చాడు. మద్దిలేటి కూడా ఏడ్చాడు. కొన్నేళ్లుగా ఎరగనంత హాయిగా ఉంది అతనికి. ఆ హాయి నెల తిరిగేదాకా ఉంది. చెప్పిన గడువుకు కళ్యాణదుర్గం పోతే, పరీక్ష చేసిన డాక్టరు బీపీ దిగిందనీ, నడక మానొద్దనీ చెప్పి భుజం తట్టాడు.

ఊరికి తిరిగొచ్చి డ్యూటీలో కూర్చున్నాడో లేదో, ఫోను మోగింది.

"అన్నా, నేను సుంకప్పను."

"చెప్పు సుంకప్పా!" అన్నాడు మద్దిలేటి ప్రేమగా.

"మోటారు బిగిచ్చినాను. కరంటు ఎప్పుడొస్తాది?"

చీకటి పడేలోగా సుంకప్ప ఇంకా ఆరుసార్లు చేశాడు. మరుసటి రోజు మద్దిలేటి నడక మానేసి మాత్రలు మొదలుపెట్టాడు. కళ్లు మూసుకొని, ఊపిరి బిగబట్టి మింగాలి కనుక, ఎవరైనా చూస్తే మళ్లీ నీళ్లు చూస్తున్నాడనుకుంటారని తలుపు గడియ పెట్టుకొని మింగుతున్నాడు.