పేరు మూసి వేసిన మార్కులు

మా ముందుగదిలో సోఫాలో నాకు చోటు ఖాళీగానే ఉంది. అయినా నేను రెండు రోజులుగా వంటగదిలో నిలబడే కాఫీ తాగుతున్నాను. ఎందుకో చెబుతాను, మధ్యలో నవ్వకండి.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. కంప్యూటర్ కంపెనీల షేర్లు, వాటికి చిప్పులు చేసిపెట్టే కంపెనీల షేర్లు పెరుగుతాయో తగ్గుతాయో ముందే చెప్పే అనలిస్టులు బోలెడుమంది. ఏడాది తిరిగాక వాళ్లు చెప్పింది ఎంత నిజమైందో చూసి మార్కులు వేస్తాను. పక్షపాతం రాకూడదని మా ఆఫీసులో పేర్లు మూసేసి ఇస్తారు.

మా మావగారు జన్మంతా రైలింజను నడిపి రిటైరయ్యారు. చేతికొచ్చిన సొమ్ము ఏదైనా చిప్పుల కంపెనీలో పెడదామని మా ఇంటికొచ్చారు. నా సలహా కోసమేనని మురిసిపోయాను. ఆయనేమో వచ్చింది మొదలు టీవీకి అతుక్కుపోయారు. అందులో ఒక అనలిస్టు వస్తాడు. మాటకు ముందొకటి, వెనకొకటి "ఢోకా లేదు" అంటాడు. మా ఇంట్లో అతని పేరే ఢోకాలేదు. నేను నోరు తెరిస్తే చాలు, మావగారు చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఒక్క నిమిషం బాబూ, అబ్బాయి చెబుతున్నాడు."

అల్లుడు నేనా, ఆ అబ్బాయా? కడుపు మండి ఒక ఎత్తు వేశాను.

"మావయ్యగారూ, పోయినేడాది అతను చెప్పిందీ, నేను ఇంట్లో అందరికీ మెసేజ్ పెట్టిందీ పక్కపక్కన పెడదాం. మీ అమ్మాయి పేర్లు మూసి చదువుతుంది, నేను మార్కులు వేస్తాను. ఎవరి మాట వినాలో మీరే తేల్చుకోండి."

మా ఆవిడ కాఫీ గ్లాసులు తీస్తూ ఆగింది. "మీ పేపరు మీరే దిద్దుకుంటారా?"

"పేరు తెలియదు కదా."

"మాటతీరు పట్టెయ్యరూ?"

"నాకు ఉద్యోగధర్మం లేదా?"

"మీరు ధర్మం అన్నారంటే నాకు భయమేస్తుందండీ," అని లోపలికి వెళ్లింది.

ఆవిడ భయం నిజమే. "ఢోకా లేదు" వినపడ్డదానికి సున్నా, రెండోదానికి తొమ్మిది అని ముందే అనుకున్నాను. సొంతదానికి పదికి పది వేస్తే బాగుండదు. ఏడాది కిందట ఏం రాశానో గుర్తులేదు కానీ, నేను రాసింది కనక బాగానే ఉండి ఉంటుంది.

ఆవిడ మొదటిది చదివింది. "ఈ చిప్పుల కంపెనీ షేరు ఆరు నెలల్లో ఐదో వంతు పెరుగుతుంది. కొత్త ఫ్యాక్టరీయే కారణం. ఫ్యాక్టరీ ఆలస్యమైతే నా లెక్క తప్పినట్టే."

అన్నట్టే పెరిగింది కూడా. ఎక్కడా ఢోకా మాటే లేదు.

"ఎంత, ఎప్పటికి, ఎందుకు, అన్నీ చెప్పాడు. ఎక్కడ తప్పవచ్చో కూడా దాచలేదు. తొమ్మిది," అన్నాను వినయంగా.

"రెండోది. కంప్యూటర్లకు గిరాకీ ఉన్నంతకాలం ఈ షేరుకు ఢోకా లేదు. గిరాకీ తగ్గితే కొంత తగ్గవచ్చు. దీర్ఘకాలంలో మంచిదే, ఢోకా లేదు."

దొరికాడు. "పెరిగినా నేను చెప్పాననొచ్చు, తగ్గినా చెప్పాననొచ్చు. దీర్ఘకాలమంటే ఎంత, ఇతని మనవడు రిటైరయ్యేదాకానా? ఇతన్ని కాదు, ఇతన్ని నమ్మేవాళ్లను అనాలి. సున్నా."

మావగారు నేల చూపులు చూస్తున్నారు. టీవీ అబ్బాయి పరువు పోయినందుకు కాబోలనుకుని ఇంకో రెండు అంటించాను.

"అయిందా?" అంది మా ఆవిడ. "మొదటిది టీవీ అబ్బాయిది. ఢోకా లేదన్నవన్నీ తీసేశాను. రెండోది మీది. అందులో రెండు చోట్ల ఆ మాట కలిపాను."

"నేనలా రాస్తానా?"

నా పాత మెసేజ్ తీసి ఫోను నా ముందు పెట్టింది. ఆవిడ కలిపినవి తప్ప అక్షరం తేడా లేదు.

"నాన్నను అడగండి, చూడకుండా అప్పజెబుతారు. మా అల్లుడు రాశాడని అప్పట్లో స్నేహితులందరికీ చదివి వినిపించారు."

అంటే రెండోదాని మొదటి వాక్యానికే ఆయన గుర్తుపట్టారు. ఎత్తు బెడిసినందుకు కాదు, ఆయన గొప్పగా చెప్పుకున్నదాన్ని ఆయన ముందే చీల్చి చెండాడినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. నమ్మేవాళ్లను అనాలని కూడా అన్నాను కదా.

"అది ఏదో తొందరలో రాసింది, మావయ్యగారూ."

"కాదులే బాబూ, మార్కులు సరిగ్గానే వేశావు. ఇవాళ నీ తీర్పు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది."

కొంచెం తలెత్తాను.

"అందుకే నువ్వు చెప్పిన షేరు కొనను," అంటూ పక్కకు జరిగి సోఫాలో నాకు చోటిచ్చారు. "రా, కూర్చో. అబ్బాయి చెబుతున్నాడు."

ఆ పూటకు కూర్చున్నాను. మర్నాటి నుంచి నా కాఫీ వంటగదిలోనే.