తగిలితే కాదు, మొక్కితే ఫౌల్

తుంగభద్ర సాకర్ సంఘం అధ్యక్షులు, పార్టీ కార్యదర్శి, కల్లూరు పక్కన మూడు రియల్ ఎస్టేట్ వెంచర్ల అధిపతి అయిన భూపేష్‌రెడ్డి గారు ఫుట్‌బాల్‌లో ఫౌల్ సమస్యను శాశ్వతంగా పరిష్కరించినట్టు గత ఫిబ్రవరిలో ప్రకటించారు. ప్రపంచం ఇన్నేళ్లుగా తేల్చుకోలేని విషయాన్ని ఆయన టీ చల్లారేలోపు తేల్చేశారు. ఆ ప్రెస్‌మీట్‌లో నేనూ ఉన్నాను. నేను ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది బంతి గుండ్రంగా ఉంటుందన్నదొక్కటే. అయితే ఇరవై రెండేళ్లుగా ఆగస్టు పదిహేనున బడిలో జెండా పని చూసేది నేనే కాబట్టి, టోర్నమెంటుకు జెండా ఎత్తే లైన్స్‌మన్‌గా నన్నే వేశారు.

రెఫరీ మా పీఈటీ జ్ఞానమణి మేడమ్. రూల్స్ ఏమిటో చెప్పమని అధ్యక్షులవారు అడిగితే ఆమె, పాపం, నిజంగానే చెప్పారు. ఆటలో ఒళ్లు తగలడం తప్పు కాదట. బంతి కోసం భుజానికి భుజం ఆనించవచ్చట. అజాగ్రత్తగా తంతే ఫౌల్, ఎదుటివాడు ఏమైపోతాడో అనే లెక్క లేకుండా తంతే పసుపు కార్డు, మితిమీరిన బలంతో తంతే ఎర్ర కార్డు. అధ్యక్షులవారు కళ్లు మూసుకుని అంతా విన్నారు.

"అంటే వాని మనసులో ఏముండాదో నువ్వు చెప్పల్ల. అంతేనా మేడమ్?"

"మనసు కాదు సార్. కాలు ఎట్ల పోయిందో చూస్తాం."

"కాలు అబద్ధం చెప్తాది. చెయ్యి చెప్పదు," అన్నారు భూపేష్‌రెడ్డి గారు.

తర్వాత ఆయనే వివరించారు. మనవాళ్ల కాలు ఎవరికైనా తగిలితే చెయ్యి దానంతటదే పోయి, తగిలినచోట తాకి, కళ్లకు అద్దుకుంటుంది. బస్సులోనైనా బ్యాంకు క్యూలోనైనా అంతే. తప్పు చేసినవాడే మొక్కుతాడు. కాబట్టి మొక్కినవాడిదే ఫౌల్, ఎవరూ మొక్కకపోతే ఫౌలే లేదు. కెమెరాలు అక్కర్లేదు, విదేశీ టెక్నాలజీ అక్కర్లేదు. టోర్నమెంటులో మూడుసార్లు మొక్కినవాడికి ఎర్ర కార్డు, ఎర్ర కార్డు పడినవాడికి సర్టిఫికెట్ లేదు అని అక్కడికక్కడే రెండు ఉపనిబంధనలు కూడా పుట్టాయి. విలేకరులు రాసుకోవడం ఆపి చప్పట్లు కొట్టారు.

మొదటిరోజు ఆట చూడముచ్చటగా సాగింది. నలభై ఒక్క మొక్కులు, నలభై ఒక్క ఫౌళ్లు. ఒక గోల్‌కీపర్ అయితే తన కాలు గోల్‌పోస్టుకు తగిలితే పోస్టుకే మొక్కి ఫౌల్ తెచ్చుకున్నాడు.

రెండోరోజుకే కోచ్‌లు తెలివిమీరారు. రాజంపేట జట్టును వరుసలో నిలబెట్టి, ఒకరినొకరు తన్నుకుంటూ చేతులు కట్టుకుని ఉండే సాధన చేయించారు. ఇంకో జట్టు మణికట్లను తువ్వాళ్లతో నడుముకు కట్టుకుని దిగింది. జ్ఞానమణి మేడమ్ విజిల్ నోటిదాకా తీసుకుపోవడం, కట్టుకున్న చేతులు చూసి దించేయడం, మళ్లీ తీసుకుపోవడం, ఇదే పని. సెమీఫైనల్స్ నాటికి అంబులెన్సు తొమ్మిది ట్రిప్పులు వేసింది. ఫౌళ్లు దాదాపు సున్నా. "ఫౌల్ రహిత ఫుట్‌బాల్ మన దగ్గరే" అని పేపర్లు రాశాయి. భూపేష్‌రెడ్డి గారు కేకు కోశారు.

ఈ క్రమశిక్షణ ఒక్కడికే అబ్బలేదు. డోన్ జట్టు ఫార్వర్డ్ జయకుమార్. ఇంటర్ పాసై రెండేళ్లుగా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో ఫుట్‌బాల్ కోటా కింద ఒకే ఒక్క సీటు ఉంది. మా టోర్నమెంటు సర్టిఫికెట్ ఉంటే అది అతనిదే. వాళ్లింట్లో ఇంతవరకు కాలేజీ మెట్లెక్కినవాళ్లు లేరట. ఏడు గోల్స్ కొట్టాడు, రెండుసార్లు మొక్కాడు. ఫైనల్‌కు ముందు అతని కోచ్ నా పక్కనే నిలబడి బతిమాలాడు.

"ఇంకొక్కసారి మొక్కితే సీటు పాయె. తెలుసునా?"

"తెలుసన్నా. చెయ్యి ఇనదు," అన్నాడు జయకుమార్.

ఫైనల్లో డోన్‌కూ కల్లూరుకూ చెరొక గోల్. ఇంకో పది నిమిషాలుందనగా కల్లూరు జట్టులో సబ్‌స్టిట్యూట్‌గా స్వయంగా భూపేష్‌రెడ్డి గారే దిగారు. పదో నంబరు జెర్సీ, ఇస్త్రీ చెదరని తెల్ల ప్యాంటు. యాభై రెండేళ్ల వయసులో ఆ ఉత్సాహం చూసి జనం ఈలలు వేశారు. ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు. బంతి కూడా పోలేదు.

అంతలో జయకుమార్ బంతి తీసుకుని నా లైన్ వెంబడే దూసుకొచ్చాడు. ఎదురుగా అధ్యక్షులవారు. అతను పక్కకు తప్పించుకున్నాడు. బంతి అందని అధ్యక్షులవారు కాలిని అందుకున్నారు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. జయకుమార్ కూలబడ్డాడు. పడుతూ ఉంటే అతని బూటు కొస ఆ తెల్ల ప్యాంటుకు తగిలి ఎర్రమట్టి మరక చేసింది.

ఒక చేత్తో ముడుకు కింద పట్టుకుని అరుస్తున్నాడు. రెండో చెయ్యి మెల్లగా పోయి ప్యాంటు తాకి, కళ్లకు అద్దుకుంది.

మేడమ్ పరుగున నా దగ్గరికి వచ్చారు. "సార్, దగ్గరుండేది మీరే. మీరేం చూసినారో చెప్పండి. మీరు జెండా ఎత్తితే నేను విజిల్ వేస్తా. అయ్యేది అవుతాది," అన్నారు.

నేను అంతా చూశాను. కల్లూరుకు బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ మీద భూపేష్‌రెడ్డి గారి సిఫారసు సంతకం కూడా చూశాను. అది ముందురోజే పడింది.

"పిల్లోడు మొక్కినాడు మేడమ్," అన్నాను. అబద్ధం మాత్రం ఆడలేదు.

ఆమె విజిల్ దించేశారు. తర్వాత స్ట్రెచర్ మీద ఉన్నవాడికి ఎర్ర కార్డు చూపించారు. ఫ్రీకిక్ కల్లూరుకు వచ్చింది. భూపేష్‌రెడ్డి గారే కొట్టారు. గోల్‌కీపర్ మర్యాదగా పక్కకు జరిగాడు.

బహుమతుల సభలో ఫెయిర్ ప్లే అవార్డు కూడా ఆయనకే వచ్చింది. టోర్నమెంటు మొత్తంలో ఎవరికీ మొక్కకుండా గోల్ కొట్టిన ఆటగాడు ఆయనొక్కరేనని లెక్క తేలింది. సర్టిఫికెట్ ఉంది, కోటా సీటు ఉంది, ఎప్పుడో ఆపేసిన చదువూ ఉంది. జూన్‌లో ఆయన బీఏ మొదటి సంవత్సరంలో చేరారు. హాజరు నూటికి నూరు అని విన్నాను.

నాకు బదిలీ అయింది. మొన్న కొత్త బడికి షేర్ ఆటోలో పోతుంటే, ఎదుటి సీట్లో జయకుమార్ కాలు చాపుకుని కూర్చున్నాడు. ముడుకు దాకా కట్టు, ఒళ్లో ఎక్స్‌రే కవరు. నన్ను చూసి బాగున్నారా సార్ అని అడిగాడు. బాగున్నానన్నాను.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో ఎగిరింది. నా చెప్పు పోయి అతని కట్టుకు గట్టిగా తగిలింది. అతను పళ్లు బిగబట్టాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. అతని పక్కనున్న ఇద్దరు నన్నే చూస్తున్నారు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

జయకుమార్ ముందుకు వంగి, నా మోకాలు తాకి, కళ్లకు అద్దుకున్నాడు.

"కాలు అడ్డం పెట్టినా సార్. తప్పయింది," అన్నాడు.