మూడు బంతులు, ఒక పెళ్లి క్యాసెట్

పుంగనూరులో పెళ్లి వీడియోలు తీసే గంగులప్పకు, తన ఇంట్లో కిటికీ పక్కనున్న కుట్టుమిషన్‌ను అక్కణ్ణించి లేపించాలన్న ఆలోచన బెంగళూరు నుంచి కుప్పం వచ్చే రైల్లో పుట్టింది. అప్పుడాయన ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. పక్కన కూర్చున్నవాళ్లకు చోటు చాలకపోయినా ఆయన దాన్ని కింద పెట్టలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు కుప్పం దాకా ఎత్తుకొచ్చాడు.

ఆ కుట్టుమిషన్ ఆయన భార్య ఈశ్వరమ్మది. ఈశ్వరమ్మ ఆయనకు సొంత అక్క కూతురు. చిన్నప్పుడు మేనమామ భుజాలెక్కి తిరిగిన పిల్ల కాబట్టి, పెళ్లయ్యాక నెత్తికెక్కడం ఆమెకు కొత్తగా అనిపించలేదు.

ఇంటికొచ్చి పెట్టె విప్పాడు. నల్లటి పలక. దాని మీద వరుసగా మూడు బంతులు, వాటి చుట్టూ చిన్న చిన్న తిరగళ్ల లాంటి బిళ్లలు.

"ఏంది మామా ఇది, క్యారమ్ బోర్డు మాదిరుండాదే?"

"కంట్రోల్ ప్యానెల్ ఈశ్వరీ. బెంగళూరోళ్లు వాడి చూడమని ఇచ్చినారు. నచ్చితే పెట్టుకోవచ్చు, లేకుంటే రైలెక్కించొచ్చు. కలర్ గ్రేడింగ్ చేసేదానికి. ఈ బంతి నీడలకి, ఈ బంతి మొగాలకి, ఈ బంతి వెలుతురుకి. తిప్పితే బొమ్మలో మొగం రంగే మారిపోతాది."

"మా అమ్మ వస్తాండాదంటే నీ మొగంలో రంగు తిప్పకుండానే మారతాదే. దానికింత పలక యాల?"

గంగులప్ప ఆ మాట విననట్టు అసలు విషయానికొచ్చాడు. రంగులు సరిగ్గా కనపడాలంటే గది చీకటిగా ఉండాలి. కంప్యూటరున్నది ముందుగదిలో. ఆ గదికి ఒకటే కిటికీ. దానికి నల్లగుడ్డ కట్టేస్తే సరిపోతుంది. కుట్టుమిషన్‌ను వంటింట్లోకి మార్చుకుంటే ఇద్దరికీ సుఖం.

"నీ బంతులకి చీకటి కావాల, నా సూదికి వెలుతురు కావాల" అంది ఈశ్వరమ్మ. "ఊరంతా రవికెలు కుట్టిచ్చుకునేది నా దగ్గర. చీకట్లో కుట్టినానంటే ఒకామెకి రెండు కుడిచేతులు వచ్చేస్తాయి. నువ్వు మంచి రంగే ఎయ్యి, పాపం ఆ రవికె చక్కబడతాదేమో సూద్దాం."

అప్పటికి మాట అక్కడ ఆగింది. కానీ గంగులప్ప ఆగలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని పాత పెళ్లిళ్లన్నీ బయటికి తీసి బంతులు తిప్పడం మొదలెట్టాడు. ఒక బంతి కాస్త ఎక్కువ తిరిగితే పురోహితుడు పచ్చగా మారాడు. దాన్ని సర్దబోతే పెళ్లికొడుకు నీలంగా మారాడు. ఇరుగుపొరుగు ఆయన్ని బంతుల గంగులప్ప అనడం మొదలెట్టారు. ఇంట్లో మాటతీరు కూడా మారిపోయింది. చారు పోసుకుని, "దీంట్లో నీడలు పలచబడినాయి ఈశ్వరీ" అన్నాడొకసారి.

"నీడలు కాదు, బేడలు. నువ్వు అంగడికి పోయి కందిబేడలు తెస్తే చారు చిక్కబడతాది" అందామె.

ఈ సంగతి మదనపల్లెలో వీడియో మిక్సింగ్ చేసే జావీద్ చెవిన పడింది. ఇద్దరూ ఒకే కాలంలో కెమెరా పట్టినవాళ్లు. జావీద్‌కు రంగుల మీద కంటే శుభ్రం మీద పిచ్చి ఎక్కువ. వెలుతురు చాలని చోట తీసిన వీడియోలో తెర నిండా ఇసక చల్లినట్టు చుక్కలు కదులుతుంటాయి. వాళ్ల వృత్తిలో దాన్ని నాయిస్ అంటారు. ఆ చుక్కలు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి సీడీలో సంపాదించి, ఆయన చుక్కల జావీద్ అనే పేరు తెచ్చుకున్నాడు.

"ఉతక్కుండా రంగులో ముంచితే మురికికి గూడా రంగొస్తాది అన్నా" అన్నాడు జావీద్, పుంగనూరు వచ్చి, ప్యానెల్‌ను తాకకుండా దూరం నుంచి చూస్తూ. "ముందు చుక్కలు తియ్యాల."

"ఉతికి ఉతికి గుడ్డే చినిగిపోతే రంగు యాడేస్తావు భాయ్?"

"నీ బంతులు వెలుతురు పెంచితే చుక్కలు గూడా పెరగతాయి. వాటికి గూడా పెళ్లికళ వచ్చేస్తాది."

ఈశ్వరమ్మ ఇద్దరికీ కాఫీ ఇచ్చి, తన మిషన్ మీద కూర్చుని దారం ఎక్కించుకుంది. ఆమె కాలు కదిలితే వచ్చే టకటక చప్పుడులో వాళ్ల వాదన సగం వినపడలేదు. ఆమె ఉద్దేశం కూడా అదే.

ఆ వారంలోనే గుడుపల్లె నుంచి సావిత్రమ్మ వచ్చింది. కిందటి ఎండాకాలంలో ఆమె కూతురి పెళ్లికి గంగులప్పే వీడియో తీశాడు. సరిగ్గా తాళి కట్టే సమయానికి కరెంటు పోతే, పెట్రోమాక్స్ లైటు కిందే మిగతాదంతా తీశాడు. ఆ పెళ్లయిన కొన్ని నెలలకు సావిత్రమ్మ భర్త దొరస్వామి పొలంలో పనిచేస్తూ కుప్పకూలి చనిపోయాడు.

"ఆయన ఫోటోకి నిలబడే మనిషి కాదప్పా" అంది సావిత్రమ్మ. "పిలిస్తే ఎనుములకి నీళ్లు పెట్టాలని పోయేస్తాండె. నీ క్యాసెట్‌లో ఒక మూల నిలబడి నవ్వతా అక్షింతలు ఎగరేస్తాడు. అదొకటే ఉండాది నాకి. చీకట్లో మొగం తెలీడం లేదు. రోంత తెలిసేటట్టు చేసిస్తావా?"

గంగులప్ప చేస్తానన్నాడు. ఆ మాట మనసులోంచే అన్నాడు. కానీ ఆమె వీధి మలుపు తిరిగేసరికి ఆయన బుర్రలో ఇంకోటి కూడా మొలిచింది. సావిత్రమ్మ ముందర పోటీ పెడితే సరి. ఒక డిస్కులో అసలు వీడియో, ఒక డిస్కులో జావీద్ సాఫ్ట్‌వేర్‌తో కడిగింది, ఒక డిస్కులో ప్యానెల్‌తో దిద్దింది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి తన నోటితో ప్యానెల్ బాగుందంటే, ఈశ్వరమ్మ ఇంక కాదనలేదు. కుట్టుమిషన్ తనంతట తానే వంటింట్లోకి నడుచుకుంటూ పోతుంది.

జావీద్ దగ్గర సీడీ అడిగి తెచ్చుకున్నాడు గానీ, పోటీలో ఎవరు గెలవాలో ముందే తెలుసు కాబట్టి, సాఫ్ట్‌వేర్‌ను ఆఖరి గీత దాకా పెంచి వదిలాడు. పొద్దున పెడితే సాయంత్రం దాకా కంప్యూటర్ రొప్పుతూనే ఉంది. లోపలి ఫ్యాను పిండిమర లాగా మోగింది.

"నాయిస్ తీసే మిషన్ అంటివే" అంది ఈశ్వరమ్మ. "ఇదే ఇంత నాయిస్ చేస్తాందే."

మూడు డిస్కులూ తయారయ్యాయి. సావిత్రమ్మను బండి మీద ఎక్కించుకొచ్చేందుకు గంగులప్ప బస్టాండుకు బయల్దేరాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఈశ్వరమ్మ టీవీ పెట్టి ఆ మూడు డిస్కులూ చూసింది. తర్వాత టీవీ ఆపి మిషన్ దగ్గరికి పోయింది. ఆ పూట ఆమె కుట్టిన కుట్టు కూడా వంకర పోయింది.

మధ్యాహ్నం అందరూ ముందుగదిలో కూర్చున్నారు. జావీద్ కూడా వచ్చాడు, తన వస్తువు పరువు కాపాడుకోవాలి గదా. గంగులప్ప చపాతీ కర్ర పట్టుకుని టీవీ పక్కన మాస్టారిలా నిలబడ్డాడు. డిస్కులు మార్చే పని ఈశ్వరమ్మది.

మొదటిది నడిచింది. పెట్రోమాక్స్ వెలుతురు, కదిలే చుక్కలు, మూలన సగం నీడలో దొరస్వామి.

"ఇది అసలుదక్కా" అన్నాడు గంగులప్ప కర్రతో చూపిస్తూ. "సూడు, తెర నిండా దోమలు. మనిషి యాడుండాడో ఎతుక్కోవాల."

సావిత్రమ్మ తెరకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఈశ్వరమ్మ డిస్కు ప్లేయర్ ట్రే బయటికి లాగింది, మళ్లీ లోపలికి తోసింది. రెండోది నడిచింది.

"ఇప్పుడు సూడండి" అన్నాడు జావీద్ ముందుకు వంగి. "కడిగిన అద్దం. ఒక్క చుక్క ఉంటే నన్నడగండి."

"చుక్కలు పోయినాయిలే" అన్నాడు గంగులప్ప జాలిగా. "వాటితో బాటు మనిషి గూడా పోయినాడు. మైనం ముద్ద మాదిరి ఉండాది మొగం. కంటి కింద గీతలు ఏమాయె భాయ్?"

ట్రే మళ్లీ బయటికొచ్చింది, లోపలికి పోయింది. గంగులప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఇది ప్యానెల్ అక్కా. నీడలు సూడు, ఎంత లోతుగా ఉండాయో. ఆయన చెంప మీద ఆ వెలుతురు సూడు. ఎదురుగా నిలబడి పలకరిస్తాండట్ల లేదూ?"

జావీద్ కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. "ఒప్పుకోవాల అన్నా. రంగులో జీవం ఉండాది" అన్నాడు చివరికి, ఇష్టం లేకుండానే.

గంగులప్ప భార్య వైపు ఒకసారి గర్వంగా చూసి, సావిత్రమ్మను అడిగాడు. "చెప్పక్కా, ఏది బాగుండాది?"

సావిత్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నన్నడిగితే ఏం చెప్పేదప్పా. మీరు చెప్పిందేమీ నాకి తెలీలేదు. మూడుసార్లూ ఆయనే ఉండాడు. మూడుసార్లూ అదే నవ్వు. ఇంగోసారి ఎయ్యమ్మా ఈశ్వరమ్మా."

ఈశ్వరమ్మ ఇంకోసారి వేసింది. ట్రే మాత్రం తియ్యలేదు.

అది అయ్యాక సావిత్రమ్మ మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. అప్పుడు ఈశ్వరమ్మ ఒళ్లోని రవికెగుడ్డ కింద నుంచి రెండు డిస్కులు తీసి మొగుడి చేతిలో పెట్టింది. కవర్లోంచి బయటికే రాలేదవి.

"నేను ఏసింది మొదటిదొకటే మామా. అదే మూడుసార్లు."

జావీద్ పైనున్న ఫ్యాను వైపు చూడసాగాడు. గంగులప్ప చపాతీ కర్రను ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

"యాల చేసినావట్ల?" అన్నాడు.

"సూడు, నీకే తెలస్తాది."

కడిగిన డిస్కు పెట్టింది. మొగుడూ జావీదూ చూశారు. దొరస్వామి నవ్వుతూ చెయ్యి ఎత్తాడు, గుప్పిలి విప్పాడు. ఏమీ రాలేదు. పక్కవాళ్లు కూడా ఎత్తారు, విప్పారు. గాల్లో ఒక్క గింజ లేదు. వధూవరుల మీద అందరూ ఉత్త చేతులు విదిలిస్తున్నారు. సాఫ్ట్‌వేర్ అక్షింతల్ని కూడా చుక్కలే అనుకుని తీసి పారేసింది.

తర్వాత ప్యానెల్ డిస్కు. నల్లటి దొరస్వామి పసుపు రాసుకున్న పెళ్లికొడుకులా మెరిసిపోతున్నాడు. చెంపల మీద ఎండకు కమిలిన మరక లేదు.

"ఎవరు మామా ఈయన?" అంది ఈశ్వరమ్మ మెల్లగా. "ఆయక్క గుడుపల్లె నించి బస్సెక్కి వచ్చింది ఇంకొకరి మొగుణ్ణి సూసేదానికి కాదు గదా. ఆమె ముందర ఇయ్యి ఎయ్యబుద్ధి కాలేదు నాకి."

గంగులప్ప చంకలోని కర్ర తీసి కింద పెట్టాడు. ఇన్నాళ్లూ తెరను చూశాడు గానీ తెర మీది మనిషిని చూడలేదని ఆయనకు అప్పుడే తోచింది. జావీద్ కూడా తన సీడీ జేబులో పెట్టుకున్నాడు. ప్యానెల్ తిరిగి అట్టపెట్టెలోకి వెళ్లింది. దాన్ని కుప్పంలో రైలెక్కించే బాధ్యత జావీద్ తీసుకున్నాడు.

సావిత్రమ్మను ఉత్త చేతులతో పంపలేరు గదా. ఈశ్వరమ్మ ఆమెను కంప్యూటర్ ముందు స్టూలు వేసి కూర్చోబెట్టింది. "మూలనున్న మొగం ఒకటే, మామా. మిగతాది ముట్టుకోవద్దు" అంది.

గంగులప్ప మౌసుతో ఆ మూలన వెలుతురు పెంచడం మొదలెట్టాడు. నుదురు తేలింది. కళ్లు తేలాయి. తర్వాత పళ్ల మధ్య సందు. అక్కడ సావిత్రమ్మ ఊపిరి బిగబట్టింది.

"చాలప్పా."

"ఇంగ రోంత పెంచితే ఇంగా బాగా తెలస్తాదక్కా."

"వద్దులే. ఇంగ పెంచితే నాకి కొత్తాయన అయిపోతాడు."

గంగులప్ప వేలు మౌసు మీద కాసేపు తచ్చాడింది.  ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.