లియో పెట్టె గుయ్యిమంది

"హమ్ ఇంగా పోలేదే!" అంటూ పొద్దున్నే తల పట్టుకున్నాడు లియో.

వంటింట్లో జెసింతాకు అది "అమ్మ ఇంగా పోలేదే" అని వినిపించింది. ఆమె తల్లి వచ్చి పదిరోజులైంది మరి.

"మా అమ్మ నీకు బరువైందా?" గరిటెతో సహా వచ్చింది భర్త మీదికి.

"అమ్మ కాదు తల్లీ, హమ్! గుయ్యిమనే సౌండు!"

"ఇప్పుడు మాట మారిస్తే నేను నమ్మల్లా?"

బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో లియో టీవీలు, రేడియోలు బాగుచేస్తాడు. పోయిన ఆదివారం నిండు చర్చిలో లేచి నిలబడి, "పంటల పండగకు బయటినుంచి అద్దె సౌండ్ సెట్ వద్దు, యాంప్లిఫయరు నేనే చేసిస్తా" అని మాటిచ్చాడు. పండగ ఈ సాయంత్రమే. పది గంటలకు చర్చి సెక్రటరీ వసంత్ వచ్చి విని సరే అనాలి. పెట్టె పాడితే సరే, పాడైతే మాట పోయినట్టే. లోపం పవర్ సప్లయిలో ఉందనుకున్నాడు. కెపాసిటర్లు మార్చాడు, కొత్తవాటికీ కెపాసిటీ చాల్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ను దూరంగా జరిపాడు. దూరమైంది అదొక్కటే, రొద కాదు.

భార్యను నమ్మించడానికి వాల్యూమ్ నిండా తిప్పాడు. ఇంట్లో పట్టక స్పీకర్లను డాబా మీద పెట్టి ఉన్నాడు. వీధంతా గుయ్యిమంది.

"ఇన్నావా?" అని తిరిగి చూస్తే జెసింతా లేదు. తల్లిని ఆటో ఎక్కించుకుని మార్కెట్టుకు వెళ్ళిపోయింది. నాదం కోసం చేసిన పెట్టె వివాదం తెచ్చింది. లియో రొదను అలాగే వదిలి, మీటరు పట్టుకుని తప్పు వెతకడం మొదలుపెట్టాడు.

మూడో ఇంట్లో అమృతరాజు ఉంటాడు. ముప్పై ఏళ్ళు బంగారు గనిలో పనిచేసినవాడు. గనిలోకి గాలి తోలే పెద్ద ఫ్యాను రొద ఆయనకు జోలపాట. గని మూతపడినప్పుడు ఆ రొద ఆగింది, దాంతోపాటు ఆయన నిద్రా ఆగింది. ఈ గుయ్యి వినగానే మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఫ్యాను తిరగతా ఉండాది! మైను తెరిసినారురా!"

పావుగంటలో వార్త నాలుగు వీధులు దాటింది. అమృతరాజుతో పాటు పదిమంది పాత హెల్మెట్లు వెతికి తలకు పెట్టుకున్నారు. ఇంకొకాయన పాత గుర్తింపు కార్డు తుడిచి జేబులో వేసుకున్నాడు. ఒకావిడ బెంగుళూరు రైలెక్కిన కొడుక్కి ఫోన్ చేసి, "దిగేయి నాయనా, ఈడనే పని వచ్చేసినాది" అంది. వాడు దారిలో బంగారుపేటలో దిగేశాడు కూడా. నలభై మంది శబ్దం వెంట నడిచారు. గని గేటు రాలేదు, లియో గుమ్మం వచ్చింది.

కిటికీలోంచి హెల్మెట్లు చూసి లియో హడలిపోయాడు. రొద భరించలేక కొట్టడానికి వచ్చారనుకుని స్విచ్ ఆపాడు, తలుపు గడియ పెట్టాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. గని మళ్ళీ మూతపడినట్టు అందరూ తలలు వంచారు. అమృతరాజు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

సరిగ్గా పదికి వసంత్ వచ్చాడు. "ఏమైనాది మామా?"

"నిలిచిపోయినాదప్పా," అన్నాడు అమృతరాజు, కన్నీళ్ళతో.

మూసిన తలుపు, వంగిన తలలు, నిలిచిపోయినది. వసంత్ కళ్ళద్దాలు తీసి, కళ్ళు మూసుకుని, "మా సహోదరుడు లియోను..." అని ఓదార్పు ప్రార్థన ఎత్తుకున్నాడు.

వెనక వరసలో గుసగుస మొదలైంది. "లియోకు కరెంటు కొట్టిందంట!"

అప్పుడే ఆటో ఆగింది. ఆ మాట చెవిన పడి సంచి జారిపోగా, టమాటాల మీదుగా పరుగెత్తింది జెసింతా. "మా అమ్మని ఏమన్నా అనుకో, నువ్వు మాత్రం లెయ్యయ్యా!"

తలుపు తెరుచుకుంది. లియో తల బయటపెట్టి, "ఎవరు పోయినారు?" అన్నాడు.

"నువ్వేనప్పా," అన్నాడు వసంత్ కళ్ళు తెరవకుండానే.

జెసింతా మొగుణ్ణి రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది, తర్వాత వీపు మీద ఒకటి వేసింది, ఆ తర్వాత నవ్వింది. లియో జరిగింది చెప్పాడు. అమృతరాజు మాత్రం, "ఏదీ, ఆ పెట్టె సూపించు" అన్నాడు.

"నీకు ఎలక్ట్రానిక్స్ తెలుసా మామా?"

"తెలీదు. వదులు రాయి తెలుసు. లోనికి పోతానే కమ్మీతో తట్టి ఇంటాము. ఏది గట్టిదో, ఏది మీద పడేదో సద్దే చెప్తాది."

పెట్టె మళ్ళీ వేశారు. అమృతరాజు స్క్రూడ్రైవరు పిడితో అంచంతా తడుతూ పోయాడు. ఒక మూల తట్టగానే గుయ్యి తెగింది, మళ్ళీ వచ్చింది. "ఈడ!"

కరెంటు ఆపి లియో ఆ బోల్టు విప్పాడు. అది ఎర్త్ వైరు బిగించిన బోల్టు. బిగువుగానే ఉంది. దాని కింద మాత్రం, చర్చికి అందంగా ఉండాలని తానే పూసిన నీలం పెయింటు! వైరు రంగును తాకింది, రేకును తాకలేదు. ఎర్తింగ్ లేక ఇంత అనర్థింగ్! రంగు గీకి, బిగించి, స్విచ్ వేశాడు. గుయ్యి లేదు, ఊపిరి పీల్చిన చప్పుడు కూడా లేదు. తర్వాత ఒక్కసారిగా వినిపించింది, అది లియోదే.

"మైకులో మాట్లాడు, ఇంటాను," అన్నాడు వసంత్.

లియో మైకు అందుకున్నాడు. "అందరికీ చెప్తా ఉండాను. మైను తెరవలేదు. అది నా పెట్టె రొద. నన్ను కరెంటు కొట్టలేదు. బంగారుపేటలో దిగిన తమ్ముడు తరవాతి రైలు పట్టుకోవచ్చు."

ఆ మాటలు ఎంత శుభ్రంగా వినిపించాయంటే, ఏదైనా తప్పు విన్నామేమోనని ఆశపడడానికి కూడా ఎవరికీ వీల్లేకపోయింది.