సీలు వేసిన మట్టి

ఒక పెద్ద అడవిలో, యాత్రికులు తిని పారేసిన ప్లాస్టిక్ కవర్లన్నీ చేరి ఒక గుట్ట అయింది. ఉప్పు వాసనకి లేళ్లు అక్కడికి పోయేవి. చుక్కమ్మ అనే లేడికి రెండు కూనలు. పెద్దది అలాగే ఒక కవరు మింగింది. మూడు రోజులు మేత ముట్టలేదు. నాలుగో రోజు లేవలేదు.

ఇప్పుడు చిన్నది అటే చూస్తోంది.

గుట్ట పక్క వాగులో ఉండే ముసలి కప్ప ఒక సంగతి చెప్పింది. "ఈ బురదలో కంటికి ఆనని జీవులున్నాయమ్మా. వాటి ఒంట్లో ఊరే రసం తగిలితే ప్లాస్టిక్ ముక్కముక్కలవుతుంది. ఆ ముక్కలే వాటికి అన్నం. కాస్త నిదానం, అంతే. ఈ బురద గుట్ట మీద చల్లించు."

అడవిలో పిడికెడు మన్ను కదపాలన్నా పంచాయతీ అనుమతి కావాలి. చుక్కమ్మ ఆ జీవుల పేర అర్జీ రాయించి, డొప్పలో బురద పట్టుకుని ఆఫీసుకి వెళ్లింది.

గుమాస్తా నక్క డొప్పలోకి తొంగి చూసింది. "అర్జీదారులేరీ?"

"ఇందులోనే ఉన్నారండీ. కోట్లమంది."

"నాకు కనబడందే హాజరు ఎలా వెయ్యనమ్మా?"

"పని చూస్తే తెలుస్తుంది కదండీ."

"పని చూడ్డం ఈ ఆఫీసులో ఆనవాయితీ కాదు. సాంపిల్ ఉంచి వెళ్లు."

రూలు ప్రకారం నక్క ఆ బురదని ప్లాస్టిక్ కవర్లో పోసి, లక్క సీలు వేసి, అధ్యక్షులు ఎలుగుబంటి గారి కుర్చీ కింద పెట్టింది.

"కవర్లోనా అండీ?" అంది చుక్కమ్మ.

"మరి? భద్రత ఉండొద్దూ?"

ఏడాది గడిచింది. చుక్కమ్మ చిన్నదాన్ని వెంటేసుకుని వారం వారం తిరిగింది. "పరిశీలనలో ఉంది" అనేది నక్క. ఫైలు కదల్లేదు. కవరు మాత్రం కరిగింది.

వనమహోత్సవం నాడు ఎలుగుబంటి గారు ఆఫీసులో ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుని, "మా పాలనలో" అని మొదలుపెట్టారు. కుర్చీ కాళ్లు నాలుగూ ఒకేసారి విరిగాయి. ఆసరాకి కుర్చీ వెనకే ఏడాదిగా వేలాడుతున్న ఫ్లెక్సీ పట్టుకుంటే అదీ పేలికలై చేతికొచ్చింది.

"ఎవరి పని ఇది?" అన్నారు కింద నుంచే.

నక్క చుక్కమ్మని చూపించింది. "ఈవిడ తెచ్చినవాళ్లేనండీ. పంచాయతీ ఆస్తి మేసేశారు."

"మేశారా? మనకి చెప్పకుండానా?" ఎలుగుబంటి గారికి అదే ఎక్కువ బాధ అనిపించింది. "ఈ అడవిలో అన్నిటికన్నా పాడు చోటేది?"

"కవర్ల గుట్టండీ."

"అక్కడికి బదిలీ చెయ్యి. వాగులో ఉన్న వాళ్ల బంధువుల్ని కూడా. ఒక్కడు మిగలకూడదు. ఇవాళే."

చుక్కమ్మ తల వంచుకుంది. "అంత శిక్షా అండీ," అంది మెల్లగా.

సాయంత్రానికల్లా అడవిపందులు వాగు బురదంతా మోసి గుట్ట నిండా చల్లాయి. మూడు వానాకాలాలకి గుట్ట నేలమట్టమైంది. చుక్కమ్మ చిన్నది ఇప్పుడు అక్కడ మొలిచిన గడ్డే మేస్తోంది.

అప్పట్నుంచి ఆ అడవిలో తల్లులు పిల్లలకి చెప్పేది ఒక్కటే: మంచి పని కావాలంటే అనుమతి అడక్కండి, శిక్ష వేయించుకోండి.