ధర్మవరంలో ఘానా వారసుడు

ఆ ఉదయం సుచిత్ర వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మామగారి పట్టుచీరల అంగడిలోంచి బెంగుళూరుకు ఒక ఫోను చేయాలి. ప్రూఫుల కట్టకు దారం కట్టాలి. సాయంత్రం రైలుకు చీరలు తీసుకుని బెంగుళూరు పోతున్న గుమాస్తా మార్కండేయులు చేతిలో ఆ కట్ట పెట్టాలి. అంతే.

కట్టలో ఉన్నది ఘానా దేశంలోని అసాంతె ప్రజల చరిత్ర. రాసింది ఆ ప్రజల్లోనే పుట్టిన ఒక ప్రొఫెసరమ్మ. అచ్చయ్యేది లండన్‌లో, పేజీలు కూర్చేది బెంగుళూరులో. తప్పులు దిద్దేది మాత్రం హిస్టరీ ఎం.ఏ. చదివిన సుచిత్ర, ధర్మవరంలో అంగడి మీది గదిలో. 1998లో ఈ పని పేరు చెబితే ఆ వీధిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మామగారు తిప్పన్నకూ కాలేదు. అయినా ఒక షరతు పెట్టాడు.

"చెప్పిన దినానికి పోయిందా, నీ పని నువ్వు చేసుకో తల్లీ. తప్పిందా, ఆ కాగితాలు అటక మీద పారేసి అంగట్లో చీరలు చూపించాల."

ఆ దినం ఇదే.

పుస్తకంలో ఒక పెద్ద చిక్కు వచ్చి పడింది. అసాంతె ప్రజల్లో పెద్దాయన పోతే పీఠం కొడుక్కు రాదు. తల్లి వైపు వాళ్ళకు, ముఖ్యంగా అక్కచెల్లెళ్ళ కొడుకులకు పోతుంది. ఎవరిని కూర్చోబెట్టాలో ముందుగా పేరు చెప్పేది రాజమాత. పేజీలు కూర్చిన మనిషికి ఇది మింగుడుపడలేదు. రచయిత్రే పొరబడిందనుకుని మేనల్లుడు కనిపించిన ప్రతిచోటా కొడుకును కూర్చోబెట్టాడు. అలాగే అచ్చయితే ఆ ప్రొఫెసరమ్మ జీవితమంతా కష్టపడి చెప్పినదాన్ని ఆమె పుస్తకమే కాదంటుంది.

సుచిత్ర గల్లా పక్కనున్న ఫోను ఎత్తింది. అవతల ఆఫీసులో ఎడిటరు శ్రీదేవి, హిందూపురం పిల్ల. లైను గరగరలాడుతోంది. అరవక తప్పలేదు. సంభాషణ మధ్యలో మార్కండేయులు లోపలి గదిలోంచి చీరల దొంతరతో వచ్చాడు. అతని చెవిన పడిన మొదటి మాట ఇది.

"పెద్దాయన పోతే కొడుక్కి ఏమీ రాదు శ్రీదేవీ! అంతా మేనల్లునికే!"

దొంతర జారింది. ఆ అంగట్లో పెద్దాయన అంటే తిప్పన్న ఒక్కడే.

"అక్క ఎవుర్ని చూపిస్తే వాళ్ళే కూర్చోవాల. కొడుకు అని యాడ కనపడినా నా చేత్తోనే కొట్టేసినా. కాగితాలు మార్కండేయులు తెస్తాడు. ఆయనకేమీ తెల్దులే పాపం."

ఏమీ తెలియని మార్కండేయులు పరుగున ఎదురు వీధిలోని ఎస్టీడీ బూతుకు చేరాడు. తిప్పన్న ఒక్కగానొక్క కొడుకు, సుచిత్ర మొగుడు అయిన ధనుంజయ ఆ రోజు పట్టుదారం కోసం హిందూపురం పోయి ఉన్నాడు. మార్కండేయులు ఆ దారం అంగడికే ఫోను కలిపాడు.

"చిన్నయ్యా, ఉన్నపాటున బయల్దేరు! పెద్దాయన అంగడంతా పెనుకొండ మేనల్లుడు ప్రసాదుకు రాసిచ్చినాడు. నీ పేరు కొట్టేసింది సుచిత్రమ్మే!"

"నా పెండ్లామా?"

"సొంత చేత్తో! ఇంగ నేను అబద్ధం చెప్తానా?"

ధనుంజయ దొరికిన బస్సెక్కాడు. నేరుగా ధర్మవరం వచ్చి ఉంటే గొడవ ఇంట్లోనే సద్దుమణిగేది. కానీ పెనుకొండలో బస్సు ఆగగానే అతని రక్తం ఉడికింది. దిగి మేనత్త ఇంటికి దారి తీశాడు.

తిప్పన్న అక్క రామాంజినమ్మ వాకిట్లో చెనిక్కాయలు ఒలిచి వేరుశనగ గింజలు చేటలో వేస్తోంది. ఆమె కొడుకు దుర్గాప్రసాద్, మండలాఫీసులో గుమాస్తా, అన్నానికి వచ్చి ఉన్నాడు. ఇద్దరికీ ఏ పాపమూ తెలియదు.

"ఏమత్తా, మా నాయన్ను మాయ చేసి అంగడి నీ కొడుక్కి రాయించుకుంటివే!"

రామాంజినమ్మ చేతిలో కాయ ఆగిపోయింది.

"ఏమంటివి? మళ్ళా చెప్పు."

ధనుంజయ మళ్ళీ చెప్పాడు, పక్కింటివాళ్ళకు కూడా సందేహం మిగలకుండా.

"ఇన్నాళ్ళకు మా తమ్మునికి అక్క గుర్తుకొచ్చిందప్పా!" రామాంజినమ్మ కొంగు దులుపుకుని లేచింది. "ప్రసాదూ, మంచి చొక్కా తొడుక్కో. పోదాం."

"అమ్మా, ఆఫీసు ఉండాది..."

"అంగడి యజమానికి ఆఫీసేందిరా?"

ముగ్గురూ ఒకే బస్సులో, ఒకే సీటు మీద ధర్మవరం బయల్దేరారు. కండక్టరు రాగానే ధనుంజయ అలవాటు కొద్దీ ముగ్గురికీ టికెట్లు తీసి, ఆ తరువాత తనను తానే తిట్టుకున్నాడు.

అంగట్లో తిప్పన్న పరుపు మీద కూర్చుని కునుకు తీస్తున్నాడు.

"చల్లగా ఉండు తమ్ముడా. నువ్వు కూర్చునింది చాల్లే, ఇంగ లెయ్" అంది రామాంజినమ్మ.

అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు లేని తిప్పన్న లేచాడు. లేచాక అడిగాడు.

"ఎందుకు లెయ్యాలక్కా?"

"నాయనా, నేనేం తప్పు చేసినా?" ధనుంజయ నాయన ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. "బావకు రాసిస్తివంట!"

"నేనా? కండ్లద్దాలు పగిలినప్పట్నించి రాసేది కూడా మానేసినా కదప్పా!"

"అదిగో ఆ కట్ట! అందులోనే ఉండాది!" మార్కండేయులు దూరంగా నిలబడి వేలు చూపించాడు.

రామాంజినమ్మ కట్టను అందుకుంది. పరుపు మీద పెట్టింది. దాని మీద తాను కూర్చుంది.

"నా కొడుకు కాగితాలు. ఎవురూ ముట్టుకోవద్దండి."

అరుపులు విని సుచిత్ర మేడ దిగి వచ్చింది. రైలుకు గంట కూడా లేదు. ఘానా దేశపు చరిత్ర పెనుకొండ పెద్దమ్మ కింద నలుగుతోంది. ఏడిస్తే పని కాదు, కోప్పడితే అసలే కాదు. ఆమె నేరుగా పెద్దమ్మ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.

"పెద్దమ్మా, అది మన ఇంటి కాగితం కాదు. ఆఫ్రికాలో ఒక దేశపోళ్ళ పుస్తకం. ఆ దేశంలో పీఠం మేనల్లునికి పోతాది. నేను ఫోన్లో చెప్పింది ఆ సంగతి."

మార్కండేయులు మెల్లగా చీరల బీరువా వెనక్కి జరిగాడు. దుర్గాప్రసాద్ ఊపిరి పీల్చుకుని, ఆఫీసుకు పోతానన్నాడు. రామాంజినమ్మ మాత్రం లేవలేదు.

"ఆడ పేరు చెప్పేది అక్కేనా?"

"అక్క కావచ్చు, తల్లి కావచ్చు. రాజమాత అంటారు. ఆమె మాట లేనిదే ఎవురూ పీఠమెక్కలేరు."

"రాసిందెవురు?"

"ఆ దేశపు ఆడబిడ్డే. పెద్ద ప్రొఫెసరు."

"మరి నువ్వు కొట్టేసిందేంది?"

"ఆ యమ్మ మేనల్లుడని రాస్తే, బెంగుళూరులో ఒకాయన తప్పనుకుని కొడుకని మార్చినాడు. నేను సరిచేసినా. ఈ దినం పోకుంటే ఆ తప్పే అచ్చవుతాది."

రామాంజినమ్మ స్ప్రింగులా లేచింది.

"ఎవడు వాడు? ఆ యమ్మ ఇంటి సంగతి ఆ యమ్మకు తెలీదా? వాళ్ళింట్లో అక్కచెల్లెండ్లు లేరా వానికి?"

"అక్కా, మన ఇంటి గొడవ..." అని నసిగాడు తిప్పన్న.

"మన గొడవ యాడికీ పోదు. ముందు ఆ యమ్మ గొడవ చూడండి. ఈ కట్ట ఎవురు తీసుకుపోతాండారు?"

మార్కండేయులు బీరువా వెనకనుంచి చెయ్యెత్తాడు.

"నువ్వు వద్దులే అన్నా. దారిలో ఇంగేం వింటావో!" అంది సుచిత్ర.

"ప్రసాదూ, నువ్వు పో" రామాంజినమ్మ తీర్పు చెప్పింది. "వాడు అన్నీ మార్చిందాకా పక్కనే కూర్చో. కదలద్దు."

మంచి చొక్కా తొడుక్కుని ఉన్నందుకు దుర్గాప్రసాద్ చీరల మూటతోపాటు ఆ కట్టనూ పట్టుకుని ఆటో ఎక్కాడు. రైలు కదులుతుండగా పెట్టెలోకి దూకాడు.

మర్నాడు సాయంత్రం శ్రీదేవి ఫోను చేసింది. "పుస్తకం పోయింది సుచిత్రా, ఒక్క తప్పు లేదు. మీ ప్రసాదన్న పనయ్యేదాకా కుర్చీ దిగలేదు తెలుసా! పేజీలు కూర్చే మావాడు భయపడి, సరిగ్గా ఉన్న కొడుకుల్ని కూడా అడిగి అడిగి ఉంచినాడు. ఇంకో పుస్తకం పంపిస్తాండా."

తిప్పన్న మాట తప్పే మనిషి కాదు. అయినా ఈసారి జాగ్రత్తపడ్డాడు. అంగట్లో కొనేవాళ్ళు, నేసేవాళ్ళు నిండుగా ఉన్నారు.

"ఈ పుస్తకం ఎవురిదమ్మా?"

"జాంబియాలో బెంబా అనేవాళ్ళది మామా. ఆడ పాతకాలంలో పెండ్లయినాంక మొగుడే భార్య ఊరికి పోయి, అత్త చేన్లో పని చేయాల."

సుచిత్ర తల్లికి నంబులపూలకుంటలో చెనిక్కాయ చేలున్నాయి. అంగట్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా ధనుంజయ వైపు తిరిగారు. మార్కండేయులు అప్పటికే గడప దాటుతున్నాడు. ధనుంజయ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

సుచిత్ర పనిచేసే గదికి వేరే ఫోను, దానితోపాటు మందమైన టేకు తలుపు పెట్టించాలని ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఫోను రావడానికి నెల పట్టింది. తలుపు మర్నాడే వచ్చింది.